తిట్లకా, తొమ్మిది గంటలకా?

ముప్ఫై దాటినవాళ్ళు నలుగురు కూర్చుని చిన్ననాటి సంగతులు మొదలుపెడితే ఎక్కడో ఒకచోట ఈ మాట వచ్చి తీరుతుంది: "అప్పుడు మావాళ్ళు అంత గట్టిగా ఉండబట్టే ఈరోజు ఇలా ఉన్నాం." మిగతా ముగ్గురూ తల ఊపుతారు. పదిహేనేళ్ళప్పుడు అదే మనిషి పళ్ళు నూరుతూ, "నాకు పిల్లలు పుడితే ఇలా మాత్రం పెంచను" అని ఒట్టు పెట్టుకుని ఉంటాడు. ఆ ఒట్టు ఎప్పుడు కరిగిపోయిందో అతనికే తెలియదు.

ఈ మాటతో నాకు సగం వరకు పేచీ లేదు. కన్నవాళ్ళకు మనసులో దండం పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రుజువులూ అక్కర్లేదు. చిక్కేమిటంటే ఆ మాట అక్కడితో ఆగదు. "కాబట్టి నేనూ మా పిల్లల్ని అలాగే..." అని సాగుతుంది. అలా సాగిందంటే అది సాక్ష్యం కిందికి వస్తుంది, సాక్ష్యమన్నాక అడ్డప్రశ్నలు తప్పవు. "గట్టిగా ఉన్నారు" అనే మూటలో ఏమేం ఉన్నాయి? రాత్రి తొమ్మిదికి టీవీ కట్టేయడం ఉంది. చెప్పిన మాట మీద నిలబడటం ఉంది. నలుగురిలో పరువు తీయడమూ ఉంది, ఎక్కడిదో చిరాకు తెచ్చి పిల్లల మీద దించుకోవడమూ ఉంది. మూట మొత్తానికి ఒకే థాంక్స్ చెప్పేస్తే, తర్వాతి తరానికి మూట మొత్తం అందుతుంది.

నా మటుకు నాకు తేలింది ఇది: పెద్దయ్యాక మనం నిజంగా రుణపడి ఉన్నది ఆ ఇంట్లోని కట్టుబాటుకి. కోపం దాని పక్కన ఉండేది కాబట్టి దానికీ వాటా ఇచ్చేస్తున్నాం. ఆ కట్టుబాటైనా పిల్లల మీద కంటే పెద్దలు తమ మీద తాము పెట్టుకున్నదే ఎక్కువ.

గుర్తున్నదంతా జరిగిందా?

ముందు సాక్షి సంగతి చూద్దాం. అమెరికన్ మానసిక వైద్యుడు డేనియల్ ఆఫర్ 1960లలో పద్నాలుగేళ్ళ అబ్బాయిల్ని ఇంట్లో, బయట వాళ్ళ జీవితం ఎలా ఉందో వివరంగా అడిగాడు. వాళ్ళకు నలభై ఎనిమిదేళ్ళు వచ్చాక, "పద్నాలుగేళ్ళప్పుడు ఎలా ఉండేది?" అని మళ్ళీ అవే ప్రశ్నలు వేశారు. 2000లో ఫలితాలు అచ్చయ్యాయి. చాలా ప్రశ్నలకు వాళ్ళ జ్ఞాపకం బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే మెరుగ్గా లేదు. ఇంట్లో దెబ్బలు తింటున్నామని అప్పుడు చెప్పినవాళ్ళ కంటే, తిన్నట్టు ఇప్పుడు గుర్తున్నవాళ్ళు బాగా తక్కువ. వీళ్ళలో అబద్ధాలకోరులు లేరు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళూ లేరు. నడివయసు మనిషి తన బాల్యాన్ని తనకు తెలియకుండానే తిరగరాసుకుంటాడు, అంతే.

దీనికి తోడు ఇంకో తిరకాసు. 1959లో ఎలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ అనే మనస్తత్వవేత్తలు ఒక చర్చా బృందంలో చేర్చుకుంటామని కాలేజీ అమ్మాయిల్ని పిలిచారు. కొందరికి చేరేముందు తల కొట్టేసినట్టుండే పరీక్ష పెట్టారు, కొందరికి తేలికగా వదిలేశారు. తీరా చేరాక వినిపించిన చర్చ అందరికీ ఒకటే, కావాలని పరమ చప్పగా తయారుచేసినది. కష్టపడి చేరినవాళ్ళకే అది ఎక్కువ నచ్చింది. పడ్డ బాధ వృథా అని ఒప్పుకోవడం మనిషికి చాలా కష్టం. పద్దెనిమిదేళ్ళు పడ్డ బాధైతే మరీనూ.

మూడోది లెక్కకు సంబంధించింది. ఈ మాట అనేది నిలదొక్కుకున్నవాళ్ళే. అదే పెంపకంలో నలిగిపోయి ఇంటికి రాకపోకలు మానేసినవాళ్ళు ఆ నలుగురి మధ్య కూర్చోరు. ఎలా పెంచినా బాగుపడే పిల్లలు కొందరుంటారు, వాళ్ళు కూడా క్రెడిట్ పెంపకానికే ఇచ్చేస్తారు. "మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత వంగిన మొక్కల్ని చూసి పుట్టింది. విరిగినవాటి తరఫున సామెత లేదు.

ఇంత చెప్పాక నాకే ఒక అనుమానం. మరీ ఇలా విడగొడుతూ పోతే పెద్దవాళ్ళ తెలివిడికి విలువే లేకుండా పోదా? పద్నాలుగేళ్ళ పిల్ల సాక్ష్యం మాత్రం పూర్తి నిజమా? ఆ వయసులో తలుపు మూసిన చప్పుడే వినిపిస్తుంది, మూసినవాళ్ళు తలుపు అవతల ఏం చేస్తున్నారో కనిపించదు. తనూ ఒక బిడ్డను పెంచుతుంటే, ఒంట్లో బాగోని రోజున కూడా లేచి హోంవర్క్ చూడటమంటే ఏమిటో అర్థమవుతుంది. అప్పుడు వచ్చే కృతజ్ఞత జ్ఞాపకం చేసే మాయ కాదు, కొత్తగా తెలిసిన నిజం. కాబట్టి దాన్ని కొట్టిపారేయను. దేనికి చెందాలో తేల్చుకోమంటాను.

మూట విప్పితే

బాల్య వికాస శాస్త్రంలో ఈ మూట విప్పడం 1960లలోనే మొదలైంది. డయానా బామ్‌రిండ్ అమెరికాలోని బర్క్‌లీలో నర్సరీ వయసు పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ దగ్గరగా గమనించి, గట్టిగా ఉండే ఇళ్ళు రెండు రకాలని తేల్చింది. ఒక రకం ఇంట్లో నియమం ఉంటుంది, దాని కారణమూ ఉంటుంది, పిల్ల ఎదురు ప్రశ్న వేస్తే వినిపించుకునే చెవీ ఉంటుంది. రెండో రకంలో "నేను చెప్పాను గనక" అన్నదే కారణం. 1983లో ఎలియనార్ మకోబీ, జాన్ మార్టిన్ దీన్ని రెండు కొలతలుగా మార్చారు: పిల్లల నుంచి ఎంత ఆశిస్తున్నారు, పిల్లలకు ఎంత స్పందిస్తున్నారు. మన మామూలు మాటల్లో ఒకే గీత ఉంటుంది, ఆ చివర కఠినం, ఈ చివర గారాబం. అసలున్నవి రెండు గీతలు. రెండింట్లోనూ పైన ఉన్న ఇళ్ళున్నాయి. రెండింట్లోనూ అట్టడుగున ఉన్నవీ ఉన్నాయి, వాటిలో గారాబం కూడా ఉండదు, ఉన్నదల్లా పట్టించుకోకపోవడం.

ఈ వర్గీకరణకూ గట్టి అభ్యంతరం వచ్చింది. అమెరికాలోని చైనా మూలాల తల్లుల్ని ప్రశ్నావళితో కొలిస్తే "నియంతృత్వ" గడిలో, అంటే పైన చెప్పిన రెండో రకంలో పడుతున్నారు, వాళ్ళ పిల్లలేమో బడిలో బాగానే రాణిస్తున్నారు. ఎందుకిలా అని రూత్ చావ్ 1994లో ప్రశ్నించింది. ప్రశ్నావళి గొంతు కరుకుదనాన్ని పట్టుకుంది, ఆ తల్లి గంటల తరబడి పక్కనే కూర్చోవడాన్ని పట్టుకోలేకపోయిందని ఆమె జవాబు. తర్వాతి పరిశోధనల్లో ఇది అన్నిచోట్లా అంత నున్నగా తేలలేదు గానీ, నా వాదనకు పనికొచ్చే గింజ ఇక్కడే ఉంది. ఆ పిల్లలు పెద్దయ్యాక "అమ్మ చాలా స్ట్రిక్ట్" అంటారు. పనిచేసింది మాత్రం పక్కన కూర్చోవడం.

1996లో బ్రయన్ బార్బర్ ఇంకో గీత గీశాడు. పిల్ల ఏం చేస్తోంది, ఎక్కడికి వెళ్తోంది అన్నదాన్ని అదుపు చేయడం వేరు, పిల్ల మనసును అదుపు చేయడం వేరు. "నీకోసం ఇంత చేస్తే నాకు దక్కింది ఇదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం, రెండు రోజులు మాట్లాడటం మానేయడం, మార్కులు తగ్గితే ముఖం తిప్పుకోవడం రెండోదాని కిందికి వస్తాయి. "మమ్మల్ని ఒక్క దెబ్బ కూడా వేయలేదు" అని గర్వంగా చెప్పుకునే ఇళ్ళలో ఈ సరుకు దండిగా ఉండొచ్చు. మాటలు బందు చేయడం చూసేవాళ్ళకు సంయమనంలా కనిపిస్తుంది. ఏడేళ్ళ పిల్లకు అది ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టే ఉంటుంది.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో తేల్చుకోవాలంటే మూడు సంగతులు గుర్తు చేసుకోండి. పెద్దవాళ్ళు హుషారుగా ఉన్న రోజునా చిరాకుగా ఉన్న రోజునా నియమం ఒకేలా ఉండేదా? తప్పు చేసిన మరుక్షణం శిక్ష ఏమిటో మీకు ముందే తెలిసిపోయేదా? శిక్ష అయిపోయాక ఆ సంగతి అక్కడితో ముగిసేదా, లేక ఆరు నెలల తర్వాత చుట్టాల ముందు మళ్ళీ బయటికొచ్చేదా? మూడింటికీ మంచి జవాబు వస్తే మీ థాంక్స్‌కు అర్హత ఉంది. తలుపు తీసిన చప్పుడు విని ఆరోజు వాతావరణం ఎలా ఉండబోతోందో అంచనా వేయడం మీరు చిన్నప్పుడే నేర్చుకున్నారా? అయితే ఆ ఇంట్లో కట్టుబాటు కంటే ఋతువులే ఎక్కువ.

ఒక్క నియమాన్ని నిలబెట్టాలంటే

బయటినుంచి చూస్తే నియమం పెట్టడం తేలికే అనిపిస్తుంది. ఒకే ఒక్కటి తీసుకుందాం: రాత్రి తొమ్మిది తర్వాత ఫోను లేదు.

మొదటి పని చోటు. "తొమ్మిది తర్వాత చూడకు" అంటే నియమం పిల్లవాడి మనోబలం మీద ఆధారపడుతుంది. "తొమ్మిదికల్లా ఫోను హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలి" అంటే చూడగానే తెలిసిపోతుంది, వాదనకు తావుండదు. ఫోన్లో అలారం పెట్టుకున్నానంటాడు, కాబట్టి గదిలోకి విడిగా ఒక అలారం గడియారం ముందే చేరాలి. పది నిమిషాల ముందు ఒకసారి చెప్పాలి, ఒక్కసారే. ఐదుసార్లు చెబితే నాలుగోసారి దాకా వినక్కర్లేదన్నది కూడా నేర్పినట్టే. ఆ ఛార్జింగ్ చోట పెద్దవాళ్ళ ఫోన్లు కూడా ఉండాలి. ఎక్కువ ఇళ్ళలో నియమం కూలేది ఇక్కడేనని నా అనుమానం.

మొదటి వారం పరిస్థితి బాగుపడదు, చాలాసార్లు ఇంకా పాడవుతుంది. ఆరిపోయే దీపం భగ్గుమన్నట్టు అరుపులు, అలకలు, తలుపులు ధడేలుమనడం పెరుగుతాయి. "ఇది పనిచేయడం లేదు" అనుకుని పెద్దలు వెనక్కి తగ్గేది సరిగ్గా అప్పుడే. నాలుగోరోజు ఒళ్ళు అలిసి, పోనీలే ఈ ఒక్కరోజుకి అంటారు. ఆ ఒక్కరోజు ఖరీదు ఎక్కువ. ప్రతిసారీ దొరికే బహుమతి ఆగిపోతే జీవి త్వరగా ఆశ వదులుకుంటుందనీ, ఎప్పుడో ఒకసారి దొరికేదైతే చాలాకాలం వదలదనీ మనస్తత్వవేత్త స్కిన్నర్ కాలం నుంచీ తెలిసిన సంగతే. పదిసార్లు ఏడిస్తే ఒకసారి దొరికే ఇంట్లో పిల్లవాడు పదకొండోసారీ ఏడుస్తాడు, ఇంకాస్త గట్టిగా. జెరాల్డ్ ప్యాటర్సన్ ఇలాంటి ఇళ్ళలో గంటలకొద్దీ కూర్చుని గమనించి, 1982 నాటికి ఈ చక్రాన్ని పూర్తిగా వర్ణించాడు. పెద్దలు అడుగుతారు, పిల్లవాడు మొండికేస్తాడు, పెద్దలు గొంతు పెంచుతారు, వాడు ఇంకా పెంచుతాడు, చివరికి ఎవరో ఒకరు వదిలేస్తారు. వదిలేసినప్పుడల్లా అవతలివాళ్ళకు అరవడమే పనిచేస్తుందని అర్థమవుతుంది. ఇందులో ఇద్దరూ ఒకరికొకరు శిక్షణ ఇచ్చుకుంటున్నారు.

శిక్ష కొలత ఇంకో గొయ్యి. కోపంలో "నెలరోజులు ఫోను బంద్" అంటారు. మూడోరోజు ఏదో బడి పనికి తామే ఇవ్వాల్సొస్తుంది, శిక్షతోపాటు మాట విలువా పోతుంది. మర్నాడు సాయంత్రం అరగంట కోత అంటే చిన్నదే, కానీ రేపూ ఎల్లుండీ అమలు చేయగలిగింది. మినహాయింపులు ఉండొచ్చు, అయితే ముందు ప్రకటించాలి. "శనివారం పదిన్నర దాకా" అని పొద్దున్నే చెబితే అది నియమంలో భాగం. తొమ్మిదీ పదికి బతిమాలించుకుని ఇస్తే అది ఓటమి. ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరుంటే ఇద్దరి నోటా ఒకే గంట రావాలి. ఒకరు కాదంటే రెండోవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చని పిల్లలు చాలా చిన్నప్పుడే కనిపెడతారు.

ఇప్పుడు ఈ జాబితాలో పిల్లవాడు చేసే పనెంత, పెద్దవాళ్ళు చేసేదెంత? వాడు చేయాల్సింది ఫోను తెచ్చి పెట్టడం ఒక్కటే. మిగతాదంతా, అంటే టైముకి ఇంట్లో ఉండటం, తమ ఫోను కూడా పెట్టడం, నాలుగోరోజు తగ్గకపోవడం, కోపంలో నెల అనకుండా నాలుక కరుచుకోవడం పెద్దల కోటా. నేను కట్టుబాటు అంటున్నది దీన్నే. తిట్టడానికి ఇందులో దేనితోనూ పనిలేదు. ఇంకా చెప్పాలంటే, ఇదంతా చేయలేనప్పుడు మిగిలే పనిముట్టు తిట్టు.

పెట్టిన గంట రాతి మీద గీత కానక్కర్లేదు. 2016లో అమెరికన్ నిద్ర వైద్యుల సంఘం సూచించిన లెక్క ప్రకారం ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళవాళ్ళకు ఎనిమిది నుంచి పది. పైగా యుక్తవయసులో ఒంటి గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర ముంచుకొచ్చే వేళ ఆలస్యమవుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లను తొమ్మిదికి పడుకోబెట్టడం సబబు. పదహారేళ్ళవాణ్ణి అదే గంటకు పడుకోమంటే చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకుంటాడు, దాన్ని అవిధేయత అంటాం. ఏటా పుట్టినరోజుకి నియమాలన్నీ ఒకసారి ముందేసుకుని, ఏది సడలించాలో పిల్లలతో కలిసి తేల్చుకునే ఇళ్ళు తక్కువ. అలా చేసినచోట "ఎప్పటికీ ఇంతేనా" అన్న ఏడుపు తగ్గుతుంది.

పనులు నేర్పడం గురించి ఒక్క మాట. బట్టలు మడతపెట్టడం లాంటిది ముందు చేసి చూపించాలి, తర్వాత కలిసి చేయాలి, ఆపైన పక్కన నిలబడాలి, చివరికి వదిలేయాలి. ఎక్కువమంది మొదటి మెట్టు నుంచి నాలుగోదానికి దూకి, సరిగ్గా రాలేదని తిడతారు. ఇంకా పాడుచేసేది, పిల్ల మడతపెట్టి వెళ్ళాక మనం విప్పి మళ్ళీ పెట్టడం. ఆమె అది చూస్తుంది.

నిఘా పెరిగితే

కఠినత్వం గురించి గొప్పగా చెప్పేవాళ్ళు సాధారణంగా దాటేసే సంగతొకటుంది: ఆ ఇళ్ళలో అబద్ధాలు. "నాన్నకు తెలిస్తే చంపేసేవాడు" అని నవ్వుతూ చెప్పే కథల్లో చాలావాటికి ముగింపు ఒకటే, నాన్నకు తెలియలేదు.

2000లో స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ పద్నాలుగేళ్ళ పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ అడిగి, ఎక్కడికెళ్తున్నారో ఎవరితో తిరుగుతున్నారో పెద్దలకు ఎలా తెలుస్తోందని చూశారు. అడగడం వల్లా, కాపలా కాయడం వల్లా తెలిసింది కొంతే. ఎక్కువభాగం పిల్లలు తమంతట తాము చెప్పింది. చెప్పినప్పుడు ఏం జరిగిందన్నదాన్ని బట్టే మళ్ళీ చెప్పాలా వద్దా అన్నది తేలుతుంది. నిజం చెప్పినా, పట్టుబడినా ఒకే శిక్ష పడితే లెక్కల్లో ఏమాత్రం చురుకైన పిల్లవాడైనా పట్టుబడేదాకా ఆగుతాడు. రెండింటి మధ్య తేడా చూపించాలి. తానే వచ్చి చెబితే శిక్ష సగమవ్వాలి, ఆ సగమూ గొంతు పెంచకుండా అమలవ్వాలి. శిక్ష పూర్తిగా ఎత్తేస్తే ఒప్పుకోవడమూ ఒక ఎత్తుగడ అయిపోతుంది, అదీ చూడాలి.

దెబ్బల సంగతి

"దండం దశగుణం భవేత్" అనేవాళ్ళని ఆ పది గుణాలేమిటో చెప్పమంటే రెండు మూడు దగ్గర ఆగిపోతారు. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో యాభై ఏళ్ళ పరిశోధనల్ని, లక్షా అరవై వేలకు పైగా పిల్లల వివరాల్ని కలిపి చూశారు. పిరుదుల మీద చరచడం లాంటి మామూలు దెబ్బలే లెక్కలోకి తీసుకున్నారు. మొండితనం, దూకుడు, మనోవ్యథ దెబ్బలతోపాటు ఎక్కువగా కనిపించాయి. మేలు మాత్రం ఏ కొలతలోనూ కనిపించలేదు. దీనికి రాబర్ట్ లార్జెలీర్ లాంటివాళ్ళ అభ్యంతరం న్యాయమైనదే: అల్లరి ఎక్కువైన పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయి, ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం కష్టం. సరే, ఆ అనుమానాన్నంతా దెబ్బల పక్షానే వేద్దాం. అప్పుడూ తేలేది "హాని అంతా దెబ్బల వల్లేనని చెప్పలేం" అన్నంతవరకే. దెబ్బల వల్లే బాగుపడ్డామన్నది అక్కణ్ణుంచి ఇంకా చాలా దూరం.

ఒకే ఇంట్లో పెరిగిన అన్న "నాన్న దెబ్బే నన్ను దారిలో పెట్టింది" అంటే చెల్లెలు అదే దెబ్బ పేరెత్తితే మాట మారుస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గ్రాజినా కొచాన్‌స్కా 1997లో చూపించింది ఇదే: భయం స్వభావం ఉన్న పిల్లలకు మెత్తని మందలింపుతోనే అంతరాత్మ గట్టిపడుతుంది, అంతకుమించితే భయం తప్ప మాట తలకెక్కదు. భయమెరగని పిల్లల మీద మందలింపు మెత్తగా ఉన్నా కరుగ్గా ఉన్నా పెద్దగా పనిచేయదు, తల్లితో ఉన్న దగ్గరితనమే వాళ్ళను మాట వినేలా చేస్తుంది. అంటే అన్నకు నిజంగా పనిచేసింది తర్వాత నాన్న పక్కన కూర్చోబెట్టుకున్న పది నిమిషాలు కావచ్చు. అతనికి గుర్తున్నది దెబ్బ. అది గట్టిగా తగిలింది కదా.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. కోపం లేకుండా కట్టుబాటు ఒక్కటే నడిచే ఇల్లు కాగితం మీదే ఉంటుంది. నాలుగోరోజు రాత్రి తొమ్మిదీ ఇరవైకి, మూడోసారి "ఒక్క నిమిషం" అన్నాక, ఎంత చదివినవాళ్ళైనా అరుస్తారు. మనవాళ్ళూ అరిచారు. వాళ్ళకు చేతకానిది, నా లెక్కలో, ఆ తర్వాత పావుగంటకు గది గుమ్మం దగ్గరికొచ్చి ఈ రెండు మాటలు కలిపి చెప్పడం: "ఇందాక అరిచాను, అది నా తప్పు. ఫోను మాత్రం రేపటిదాకా ఇవ్వను." మొదటి మాట అంటే రెండోది చెల్లదని వాళ్ళు భయపడ్డారు. నిజానికి రెండోది అంతవరకు అరుపు అండ చూసుకుని నిలబడింది, ఇప్పుడు దాని కాళ్ళ మీద అది నిలబడుతుంది. పిల్లవాడు ఆ రాత్రి ఎలాగూ అలిగే పడుకుంటాడు.